ఎవరి కోటని అడిగినమా

మా ఆవిడ సులోచన పోయిన ఏడాదికి, సైనిక్‌పురిలో మా కాలనీ మలుపు దగ్గర, కూరగాయల బండి ముందు నాకు మళ్లీ కనబడింది. పొద్దుగూకే వేళ. బీరకాయలు ఒక్కొక్కటే వంచి చూసి ఏరుకుంటోంది. నేను పిలవగానే తిరిగి చూసింది కూడా. ఇలా మొదలుపెడితే మీరు కుర్చీ ముందుకు లాక్కుంటారని నాకు తెలుసు. అందుకే అన్నాను. ఇప్పుడు అసలు సంగతి ఒప్పుకుంటాను. కనబడింది సులోచన కాదు, సులోచన చీర. అదీ పూర్తి చీర కాదు, కత్తిరించి కుట్టిన సంచి. మామిడిపండు రంగు నారాయణపేట నూలు, వంకాయ రంగు అంచు. ఆ అంచు మీద పసుపు మరక ఒకటి, ఎన్ని ఉతుకులైనా పోనిది. సంచి వేరే ఎవరి చేతిలోనో వేలాడుతూ అటూ ఇటూ ఊగుతోంది. సులోచన నడుస్తుంటే కుచ్చిళ్లు సరిగ్గా అలాగే ఊగేవి. నా చేతిలోని కొత్తిమీర కట్ట జారి కింద పడింది. ఇందులో మాత్రం అతిశయోక్తి లేదు. బండి అతను తీసి ఇచ్చాడు.

ఆ చీర సంచి కావడానికి కారణం మా కోడలు శ్రావణి అని చెప్పి తప్పుకోవచ్చు. కానీ కారణం నేను. శ్రావణి కొన్నాళ్లుగా ఇంట్లో ప్లాస్టిక్ తగ్గించే పని పెట్టుకుంది. నీళ్ల మిషన్ వదిలే నీళ్లు బకెట్లో పట్టి ఇల్లు తుడుస్తుంది. కూరగాయల తొక్కలన్నీ డాబా మీది కుండల్లోకి పోతాయి, అక్కడ ఎరువవుతాయి. మటన్‌కు నన్ను స్టీలు డబ్బా ఇచ్చి పంపుతుంది. వెదురు పుల్ల పళ్లబ్రష్షు కూడా ఇచ్చింది, పొద్దున్నే కంచెను నాకినట్టుంటుంది. కాలనీ ఆడవాళ్లందరినీ పోగుచేసి, పాత చీరలతో సంచులు కుట్టి ఇంటింటికీ పంచుదామని మీటింగ్ పెట్టింది. పెద్దమనిషినని నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. నాకు మైకు ఇవ్వడమంటే తెలుసు కదా. మా చిన్నప్పుడు మారేడ్‌పల్లిలో మా ఇంట్లో చెత్తబుట్ట అన్నదే లేదనీ, మున్సిపాలిటీ బండి మా గుమ్మం ముందు ఆగి నిరాశగా వెళ్లిపోయేదనీ చెప్పాను. చప్పట్లు కొట్టారు. చెత్తబుట్ట ఉండేది. పగిలిన బకెట్. ఎక్కువ నిండేది కాదు, అంత మాత్రం నిజం. చప్పట్ల వేడిలో, చీరలదేముంది, మా ఆవిడవి బీరువా నిండా ఉన్నాయి తీసుకోండి, అని కూడా అనేశాను.

ఇంటికొచ్చాక శ్రావణి అడిగింది. "మామయ్యా, నలుగురి ముందు అన్నరని కాదు. నిజంగనే ఇస్తరా అత్తమ్మ చీరలు?"

"ఇస్తానన్నాక ఇస్తాను. నేనేమన్నా రాజకీయ నాయకుణ్ణా?"

ఆమె నా మొహం కాసేపు చూసి, బీరువా కింది అరలోని రోజువారీ నూలు చీరలు మాత్రం తీసుకుంది. పై అర ముట్టుకోలేదు. బీరువా తలుపు తీసినప్పుడు కీచుమని ఒక చప్పుడు. సులోచన ఉన్నన్నాళ్లూ నా పొద్దు ఆ చప్పుడుతోనే మొదలయ్యేది. ఆ తర్వాత కలరా ఉండల వాసన, దాని వెనక సన్నగా ఆమె పౌడరు వాసన. నేను లేచి వరండాలోకి వెళ్లి పేపరు తిరగేశాను.

ఇప్పుడు మళ్లీ బండి దగ్గరికి రావాలి. ఆ సంచి పట్టుకున్నది మూలింటి పద్మ. కొత్తగా దిగిన కుటుంబం, సులోచనను ఎరగదు. నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.

"ఆ సంచి జాగ్రత్తమ్మా. మా ఆవిడ చీర అది."

"అవునా అంకుల్. ఆంటీ ఊర్ల లేరా?"

"పోయింది. నిరుడు."

పద్మ పాపం నొచ్చుకుంది. సంచిని కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మార్చుకుంది. అంతటితో ఆగితే నేను నేనెందుకవుతాను. ఆస్పత్రికి తీసుకెళ్లిన రోజు ఆమె ఒంటి మీద ఇదే చీర ఉందని, కన్ను మూసేదాకా కొంగు నా చేతిలోనే ఉందని చెప్పాను. అది అబద్ధం. ఆ రోజు ఆ చీర ఇస్త్రీ బండి దగ్గర ఉంది.

రెండు మూడు రోజుల్లో సంచులు తిరిగి రావడం మొదలైంది. ఒకటి మా గేటుకు తగిలించి ఉంది, ఉతికి, మడత పెట్టి. ఇంకొకటి పనామె చేతికిచ్చి పంపారు. "సంచి మంచిగనే ఉన్నది శ్రావణీ, మాకు ఇప్పటికే మస్తున్నయి" అని ఒకరు. ఇంకొకావిడ దాపరికం లేకుండా అడిగేసింది: "సచ్చినామె మీదికెల్లి తీసినయా ఏందమ్మా? జెర ముందే చెప్పాల్సిందుండె." సులోచనవే కాదు, అందరి చీరల సంచులూ అనుమానంతో వాపసొచ్చాయి. ఎవరిది ఎవరిదో వాళ్లకేం తెలుసు. శ్రావణి వాటిని మళ్లీ తడిపి డాబా మీద తీగకు ఆరేసింది. సాయంత్రం నేను ఎక్కి చూద్దును కదా, వరసగా సులోచన. మామిడిపండు రంగు సులోచన, నీలిచుక్కల సులోచన, ఉల్లిపొర రంగు సులోచన. గాలి వస్తే అన్నీ ఒక్కసారి నా వైపు ఉబ్బి, గాలి పోతే వెనక్కి తగ్గుతున్నాయి, ఊపిరి తీస్తున్నట్టు. నేను కిందికి దిగిపోయాను.

"మామయ్యా, మీరేమన్నా అన్నరా వాళ్లతోని?"

"నేనా?"

"మీరే."

ఆమె కోప్పడలేదు, అది ఇంకా కష్టం. "నాకు సంచులు పోతే పోయినయి. పై అరల చీరల సంగతి ఒక్కటి చెప్పండి. ఇయ్యబుద్ది కాకపోతే వద్దనండి, మళ్ల అడగను. బీరువాల పెట్టుకుంటె పురుగు కొడుతది, అంతే నా బాధ." నేను వెంటనే, బీరువా తాళంచెవి పోయిందమ్మా, అన్నాను. ఆమె మంచాల కింద, దిండ్ల కింద వెతికింది. నేను కూడా ఆమెతో పాటు వంగి వంగి వెతికాను. తాళంచెవి నా బనియన్ జేబులో ఉంది.

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. టీ పెట్టుకుందామని పాలగిన్నె తీశాను. మా ఇంట్లో దాన్ని నాయిన గిన్నె అంటాం. కొత్తవాళ్లెవరైనా వింటే వింతగా చూస్తారు. అంచు కింద చుక్కలు చుక్కలుగా మా నాయిన పేరు కొట్టి ఉంటుంది, ఇప్పుడు వేలితో తడిమితేనే తెలిసేంత అరిగిపోయింది. పాలు అంచుదాకా వచ్చేసరికి నా వెనకనుంచి, స్పష్టంగా, ఎప్పుడో పోయిన మా అమ్మ గొంతు: "మీ నాయిన పొంగుతున్నడు చూడు బిడ్డా. మంట తగ్గియ్యి." తగ్గించాను. వెనక్కి తిరిగి చూడలేదు.

మా నాయిన సికింద్రాబాద్ స్టేషన్‌లో పార్సిల్ గుమాస్తా. ఆరడుగుల మనిషి, గుమ్మంలో నిలబడితే ఇల్లు చీకటయ్యేది. కాదు లెండి, ఇప్పటి నా భుజందాకా వచ్చేవాడేమో. చీకటయ్యేది మాత్రం నిజం, మా వాటాకు ఉన్నది ఆ ఒక్క గుమ్మమే. ఆయనకొక కోటు ఉండేది. కాఫీ రంగు ఉన్ని కోటు. దాని వాసన నాకు ఇప్పటికీ ముక్కులోనే ఉంది: తడిసిన గోనెసంచి, బీడీ, ఎండాకాలం పోయినా పోని మామిడి బుట్టల వాసన. ఆ కోటు లండన్‌నుంచి ఓడలో వచ్చిందని బళ్లో అందరికీ చెప్పాను. నిజానికి అది కంటోన్మెంట్ వైపు రోడ్డు పక్కన పాతబట్టల కుప్పలో ఏరుకొచ్చింది. ఎవరో దొర ఊరు వదిలిపోతూ అమ్ముకున్నాడో, ఏ దొరసాని మొగుడు పోతే అమ్ముకుందో ఎవరికీ తెలియదు. మూడు గుండీల్లో నడిమిది ఊడిపోయి ఉంటే, అమ్మ తన దగ్గరున్న పెద్ద నల్ల గుండీ కుట్టింది. మిగతా రెండూ చిన్నవి, గోధుమ రంగువి. "నడిమోడు స్టేషన్ మాస్టరు, పైనా కిందా హమాలీలు" అనేవాడు నాయిన, గుండీలు పెట్టుకుంటూ. ప్రతి చలికాలం పొద్దున అదే మాట, దానికి అమ్మ ప్రతిసారీ నవ్వేది. వినీ వినీ నాకు విసుగొచ్చేది. ఇప్పుడు ఆ విసుగు కూడా కావాలనిపిస్తుంది.

మా అమ్మ చేతిలో పడిన గుడ్డకు తొందరగా చావు వచ్చేది కాదు. నాయిన పంచె నడుమ పలచబడితే రెండుగా చింపి, అంచులు కలిపి కుట్టి ఇంకో ఏడాది కట్టించేది. తర్వాత అది నల్లా మూతికి వడగట్టే గుడ్డ అయ్యేది. తర్వాత పెరుగు మూటకు, ఆ తర్వాత పొయ్యి దగ్గర మసిగుడ్డ. మసిగుడ్డ వాకిట్లో కాళ్లు తుడుచుకునే పట్టా అయ్యేది. ఆఖరికి నీళ్లు కాగే పొయ్యిలో కొబ్బరిపీచు మీద పడి అంటుకునేది. అంటుకునే ముందు కూడా అమ్మ దాన్నొకసారి విప్పి చూసేది, ఏమన్నా మిగిలిందేమోనని. కిరాణా పొట్లాలకు కట్టిన దారాలు విప్పి ఉండ చుట్టేది. కాగితాలు పరిచి చాప కింద పెట్టేది. చిన్నవైపోయిన సబ్బు ముక్కలు ఒకదానికొకటి అతికించేది, అందుకే మా ఇంట్లో సబ్బుకు ఎప్పుడూ రెండు మూడు రంగులు. ఆమెకు భూమి మీద ప్రేమ ఉందని నేను మీటింగ్‌లో చెప్పాను. ఆమెకు భూమి సంగతి ఏం తెలుసు. వస్తువు పారేయాలంటే ఆమె చెయ్యి వచ్చేది కాదు, అంతే. శ్రావణి మాత్రం పుస్తకాలు చదివి, ఆలోచించి, ఇష్టపడి చేస్తోంది. ఏది గొప్పది అని నన్ను అడిగితే, శ్రావణిదే కష్టం అంటాను. అమ్మ చుట్టూ అందరూ అలాగే బతికేవాళ్లు. శ్రావణి చుట్టూ ఎవరూ అలా లేరు.

ఒక వానాకాలం జ్వరంతో నాయిన పోయాడు. ఆయన ఒంటి మీది బట్టలు ఆచారం ప్రకారం ఇవ్వవలసినవాళ్లకు ఇచ్చారు. కోటు ట్రంకుపెట్టెలో ఉండిపోయింది. పిల్లగానికి పెద్దయ్యాక పనికొస్తది, దాచిపెట్టు అన్నారు చుట్టాలు. అమ్మ కొన్నాళ్లు దాచింది. అప్పుడప్పుడు పెట్టె తీసి, మూసేది. ఒకరోజు, పాతబట్టలకు స్టీలు సామాన్లమ్మా అని అరుస్తూ యాదమ్మ గంప దింపింది. అమ్మ కోటు తెచ్చి ఆమె ముందు పెట్టింది. నేను తలుపు పట్టుకుని చూస్తున్నాను. యాదమ్మ దాన్ని వెలుతురుకెత్తి, చంకలు చూసి, జేబులు తిరగేసి, పెదవి విరిచింది.

"నడిమి గుండీ వేరే ఉన్నదమ్మా. దీనికి గంటె వస్తది."

"ఆ గుండీ చూసే ఎవరన్నా కొంటరు. గంటెతోని నువ్వే కలుపుకో."

"ఉన్ని సుత అరిగింది."

"మనిషే అరిగిపోయిండు, ఉన్ని అరగదా? గా పాలగిన్నె ఇటియ్యి."

యాదమ్మ గిన్నె ఇచ్చింది. అమ్మ అదే రోజు సామాన్ల దుకాణంలో దాని మీద నాయిన పేరు కొట్టించుకొచ్చింది. ఇంటి పేరుతో సహా. ఎక్కడికి పోతాడో అన్నట్టు. ఆ సాయంత్రం నుంచే మా నాయిన పొంగడం షురూ అయింది. పక్క వాటావాళ్లు నవ్వేవాళ్లు, అమ్మ నవ్వేది కాదు.

ఆ చలికాలంలోనే నేను కోటును మళ్లీ చూశాను. మోండా మార్కెట్‌లో, ఉల్లిపాయల వరస దాటాక, జామకాయల తట్ట ముందు. వెనకనుంచి చూశాను. ఎడమ భుజం కాస్త కిందికి జారి ఉంది, నాయినకు ఉన్నట్టే. మనిషి తిరిగితే పైనొక చిన్న గుండీ, కిందొక చిన్న గుండీ, నడుమ స్టేషన్ మాస్టరు. నేను ఆయన వెంట గడియారం స్తంభందాకా వెళ్లాననీ, ఆయన ఆగి నన్ను చూసి నవ్వాడనీ, ఆ నవ్వు మా నాయినదేననీ నలభై ఏళ్లుగా చెబుతున్నాను. సులోచనకు కూడా అలాగే చెప్పాను, ఆమె నమ్మినట్టే ఉండేది. నిజం చెప్పాలంటే నేను అటు కాదు, ఇటు పరుగెత్తాను. ఇంటికొచ్చి బియ్యం డబ్బా వెనక కూర్చున్నాను. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"నాయిన జామకాయలు అమ్ముతున్నడే" అన్నాను.

అమ్మ నన్ను బయటికి లాగలేదు. పొయ్యిలో కట్టె వెనక్కి గుంజి, ఏ వరసలో అని మాత్రం అడిగింది.

మర్నాడు నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. కోటు లోపల ఉన్నది ఒక ముసలి భాయ్, మెహందీ గడ్డం, సన్నటి మెడ. అమ్మ కొంచెం దూరంలో నిలబడి చూసింది. చాలాసేపు చూసింది. జనం మమ్మల్ని తోసుకుంటూ పోతున్నారు. నడిమి గుండీ దారం తెగి వేలాడుతోంది. అమ్మ దగ్గరికి వెళ్లింది.

"భాయ్, గుండీ ఊడుతున్నది. పారేసుకుంటవు."

"ఏం చేయాలె అమ్మా, ఇంట్ల సూది పట్టేవాళ్లు లేరు."

"జెర ఇటియ్యి."

ఆయన కోటు విప్పి ఇచ్చాడు. అమ్మ తట్ట పక్కన బోర్లించిన గంప మీద కూర్చుని, రవికెకు గుచ్చుకున్న సూది తీసి, కొంగున ముడేసుకొచ్చిన పొట్లాల దారం తీసింది. అంటే ఇంటి దగ్గరే ఆ ముడి వేసుకుంది. కుట్టింది. కుట్టిన చోటే మళ్లీ మళ్లీ కుట్టింది, గుండీ ఇక కదలదు. దారం పళ్లతో కొరకడానికి వంగినప్పుడు ఆమె మొహం కోటులో మునిగింది, కొరకడానికి పట్టేదానికన్నా కాస్త ఎక్కువసేపు. భాయ్ చూశాడు. ఆయన తెలివిగల మనిషి.

"ఏమ్మా, నీదేనా ఈ కోటు?"

"కాదు" అంది అమ్మ. "గుండీ వేలాడుతుంటె చూడబుద్ది కాలే, అంతే."

ఆయన నాకొక జామకాయ పెట్టాడు. నేను తినలేదు, ఇంటిదాకా పట్టుకునే నడిచాను. దారిలో అడిగాను, మనదని ఎందుకు చెప్పలే అని. కోటు ఆయనకు భుజాల దగ్గర వదులైందని, చేతులు పొడుగయ్యాయని, మడిచి కుడితే బాగుండేదని అమ్మ దర్జీలాగా గొణుక్కుంది. మారేడ్‌పల్లి మలుపు వచ్చాక అంది: "మీ నాయిన ఎవరి కోటు తొడుక్కున్నడో మనం అడిగినమా?"

ఆ చలికాలమంతా మా ఇంట్లో జామకాయలే. ఎండలు మొదలయ్యాక భాయ్ కోటు తీసేశాడు, అమ్మ మార్కెట్‌నుంచి ఉత్త చేతులతో వచ్చి, ఈ ఎండాకాలం ఎన్నడు పోతదో, అనేది. మళ్లీ చలి వచ్చేసరికి ఆ తట్ట దగ్గర వేరే మనిషి ఉన్నాడు, మామూలు స్వెట్టర్‌లో. భాయ్ ఏమయ్యాడో ఎవరూ చెప్పలేదు. అప్పట్నుంచి చలికాలమంటే మా అమ్మ బజారులో మగవాళ్ల గుండీలు చూస్తూ నడిచేది. చూడకూడని చూపు కాదని నాకు తెలుసు, లోకానికి తెలియదు. నాలుగు మాటలు అన్నారు. ఆమె చూడటం మానలేదు. మంచంలో పడ్డ రోజుల్లో కూడా, నేను స్వెట్టర్ వేసుకుని వెళ్తే, ముందు నా ఛాతీ మీద చూసి, తర్వాతే మొహం చూసేది.

టీ చల్లారిపోయింది. చెప్పి ఉంటే ఏమయ్యేది అని మొదటిసారి ఆలోచించాను. నాదే భాయ్, మా ఆయనది, అని అమ్మ ఒక్క మాట అని ఉంటే. ఆ ముసలాయన కోటు మళ్లీ తొడుక్కునేవాడా? మర్యాదస్తుడు, మడిచి చేతిలో పెట్టేవాడు. చలికి వణికేవాడు. కోటు ట్రంకుపెట్టెలోకి వచ్చేది. అమ్మకు ఒక చలికాలమైనా దక్కింది, ఆ ఒక్క అబద్ధంతో. నేను గంపెడు అబద్ధాలు చెప్పి తీగ నిండా సంచులు తెచ్చుకున్నాను.

శ్రావణి ఆఫీసునుంచి రాగానే తాళంచెవి బల్ల మీద పెట్టాను.

"దొరికిందా మామయ్యా?"

"పోలేదు. జేబులోనే ఉంది. ఇంకొకటి. ఆస్పత్రికి పోయిన రోజు మీ అత్తమ్మ ఆ చీర కట్టుకోలేదు. నేను పద్మకు అలా చెప్పాను."

"నాకెర్కనే. నైటీ తొడిగి తీస్కపోయింది నేనే కదా" అంది శ్రావణి. చెప్పులు కూడా విప్పకుండా కూర్చుంది. "గట్ల ఎందుకు చెప్పిన్రు?"

"పద్మ తొందరగా వెళ్లిపోతుందేమోనని. సంచి కూడా వెళ్లిపోతుంది కదా."

ఆమె లేచి వెళ్లి తన అలమారలోంచి తను కట్టే చీరలు నాలుగు తెచ్చి మంచం మీద పడేసింది. పై అర నేనే తీశాను. కీచుమంది. అప్పటికే తిరిగొచ్చిన సంచులన్నీ కుట్లు విప్పాం. ఒక పక్క సులోచనది, ఒక పక్క శ్రావణిది, లోపల అస్తరు ఎవరిదో. పోయినవాళ్లదీ ఉన్నవాళ్లదీ ఎక్కడ కలిసిందో కుట్టిన మాకే తెలియకుండా కుట్టాం. పిడులు కుట్టే పని నాకిచ్చింది. నా కుట్టు వంకర, కానీ కుట్టిన చోటే మళ్లీ మళ్లీ కుడతాను. అదొక్కటి వచ్చు. ఒక చీర మాత్రం, నెమలికంఠం రంగుది, శ్రావణి అడగకుండానే మడిచి వెనక్కి పెట్టింది. నేనూ వద్దనలేదు.

మొన్న సాయంత్రం బండి దగ్గర పద్మ మళ్లీ కలిసింది. చేతిలో కొత్త సంచి. ఒక పక్క నీలం, ఒక పక్క మామిడిపండు రంగు. అంచు మీది పసుపు మరక బీరకాయల బరువుకు సాగి, వెడల్పుగా కనబడుతోంది.

"అంకుల్, అప్పుడు వాపసిచ్చిన అని ఏమనుకోకండి. శ్రావణి ఇవన్నీ కొత్తగ కుట్టింది" అంది. సంచిని నా వైపు తిప్పి, మామిడిపండు రంగు మీద బొటనవేలితో రాసింది. "ఈ పసుపుపచ్చది ఎవరి చీరనో గానీ, ఎంత మెత్తగున్నదో." గుర్తుపట్టలేదో, గుర్తుపట్టే అడిగిందో.

చెప్పడానికి నా దగ్గర ఎంత ఉందో మీకు తెలుసు. గొంతుదాకా వచ్చింది.

"తెల్వదమ్మా" అన్నాను.

నేనాడిన అబద్ధాల్లో ఇంత చిన్నది ఇంకొకటి లేదు. పద్మ నవ్వి, చిల్లర తీసుకుని, సంచి ఊపుకుంటూ నడిచింది. కుడి చేతిలోనే ఉంది. కొత్తిమీర కట్ట గట్టిగా పట్టుకుని, మలుపు తిరిగేదాకా చూశాను. పిడి బాగానే ఆగింది.